చేతులు ఖాళీ లేనివాళ్ళ పాఠం

పాఠం రికార్డింగ్ సగంలో ఉండగా దగ్గు వచ్చింది. మా విభాగం కిటికీ కింద రోడ్డు మీద మిరపకాయల బస్తాలు, మా వైపు టిక్కీలంటారు, వేసుకున్న లారీ ఒకటి ఆగింది. ఆ ఘాటు తిన్నగా గదిలోకి వచ్చి నా గొంతులో కూర్చుంది. కాయ కోతకొచ్చే రోజుల్లో నరసరావుపేటలో ఎవరికైనా ఈ దగ్గు తప్పదు. లేచి కిటికీ మూశాను. ఊపిరాడక మళ్ళీ తెరిచాను. మంచినీళ్ళు తాగి వచ్చి కూర్చున్నాను. దగ్గిన ముక్క తీసేసి మళ్ళీ చెప్పాలా, అలాగే ఉంచేయాలా అని కాసేపు కొట్టుకులాడాను. ప్రతి పాఠానికీ నాకిదే గొడవ. చివరికి ఉంచేశాను. జుబేదా మేడం అయితే ఉంచేసేవారు. ఆవిడ పాఠాల్లో దగ్గులే కాదు, లారీ హారన్లు, గ్రైండింగ్ మోతలు, చట్నీకి ఉప్పు చాలిందా అని కింద నుంచి ఎవరో అడిగిన మాటలు కూడా ఉండేవి. అవన్నీ విని విని పెరిగిన చెవులు నావి.

ఈ సాయంత్రం లోపు నేను ఇంకో పని కూడా చేయాలి. అది చేయలేకే పొద్దున్నుంచి ఈ కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతున్నాను. మా విశ్వవిద్యాలయంలో ఇప్పుడు వారంలో సగం పాఠాలు తరగతి గదిలో, సగం ఫోన్లో. ఫోన్ పాఠం చూశారా లేదా అన్నది యాప్ లెక్క కడుతుంది. లెక్క తక్కువైతే పేరు పక్కన ఎర్రచుక్క పడుతుంది. ఎర్రచుక్క పడ్డవాళ్ళు పరీక్ష రాయడానికి లేదు. ఆ చుక్క సరైనదేనని పాఠం చెప్పిన మనిషి ఒక మీట నొక్కి ఒప్పుకోవాలి. మా ఎకనామిక్స్ తరగతిలో ఈసారి ఒకే ఒక్క పేరు పక్కన ఎర్రచుక్క ఉంది. వెంకటలక్ష్మి, పిడుగురాళ్ళ అమ్మాయి. వెనక బెంచీలో కూర్చుంటుంది. అడిగితే జవాబు చెబుతుంది, అడగకపోతే నోరు విప్పదు. నాది కాంట్రాక్టు ఉద్యోగం. వేసవి సెలవుల తరవాత మళ్ళీ రమ్మంటారో వద్దంటారో ఏ ఏడుకా ఏడు తెలియదు. డైరెక్టర్ గారు నిన్న ఫోన్ చేసి, అందరూ నొక్కేశారమ్మా, నీ ఒక్కదానిదే మిగిలింది, ఏంది సంగతి అని అడిగారు. చూస్తున్నానండీ అన్నాను. ఏం చూస్తున్నానో నాకే తెలియదు. ఒకప్పుడు ఆ ఎర్రచుక్క నా పేరు పక్కన ఉండేది. దాన్ని అక్కణ్ణుంచి తీయించిన మనిషి ఇప్పుడు లేదు.

జుబేదా మేడం మాకు ఎం.ఏ.లో ఎకనామిక్స్ చెప్పారు. పిడుగురాళ్ళలో హైవే పక్కన ఆవిడ అన్న మస్తాన్‌కు లారీలు బాగుచేసే షెడ్డు ఉంది. షెడ్డు మీద కట్టిన రెండు గదుల్లో ఆవిడ ఉండేవారు. రోజూ బస్సులో నరసరావుపేట వచ్చేవారు. సున్నపు బట్టీల దుమ్ము పడి బురఖా అంచు తెల్లగా అయ్యేది. తరగతి గుమ్మం దగ్గర ఆగి, రెండు చేతులా దులుపుకుని, అప్పుడు లోపలికి అడుగు పెట్టేవారు. మనిషి ఒకచోట నిలిచేది కాదు. బల్లల మధ్య అటూ ఇటూ తిరుగుతూ చెప్పేవారు. మేం మెడలు తిప్పుతూ వినేవాళ్ళం. ఒకసారి ప్రిన్సిపాల్ వచ్చి, ఆ కుర్చీ మీ కోసమే వేయించామండీ అని నవ్వితే, కూర్చుంటే నా నోరు పనిచెయ్యదు సార్ అన్నారు. నేనూ అంతే. కాలూ చెయ్యీ ఆడకపోతే నాకు మాట రాదు. అందుకే మొదటి రోజునుంచే ఆవిడంటే నాకు అంత ఇష్టం కలిగిందేమో.

కరోనా తగ్గి కాలేజీలు తెరిచిన తరవాత మా విశ్వవిద్యాలయానికి ఈ యాప్ వచ్చింది. లెక్చరర్లకు దాని గురించి శిక్షణ పెట్టారు. విద్యార్థుల తరఫున ఇద్దరు ముగ్గురిని కూర్చోబెట్టారు, అందులో నేనొకదాన్ని. హైదరాబాదు నుంచి వచ్చిన కుర్రాడు తెర మీద చక్కగా చూపించాడు. వీడియో నడుస్తూ ఉంటుంది. మధ్యమధ్యలో ఆగి ఒక ప్రశ్న అడుగుతుంది. నాలుగు జవాబుల్లో ఒకటి వేలితో నొక్కాలి. నొక్కిన క్షణంలో ఫోన్ మీ ఫొటో తీసుకుంటుంది, మీరే చూస్తున్నారని రుజువుకి. కాసేపటి దాకా నొక్కకపోతే మీరు నిద్రపోయారని అనుకుని పాఠం మళ్ళీ మొదటికి వెళ్తుంది. అందరూ బాగుందన్నారు. నిజంగానే బాగుంది. జుబేదా మేడం మాత్రం లేచి, నన్ను చూపించి, ఈ పిల్ల ఎక్కడ కూర్చుని చూస్తుంది బాబూ అని అడిగారు. ఎక్కడైనా చూడొచ్చు మేడం, టేబుల్ మీద పెట్టుకుని చూస్తే మెడ నొప్పి రాదు అన్నాడతను. ఆవిడ కూర్చుని, శిక్షణ అయ్యేదాకా లేవలేదు. ఆవిడ అంతసేపు కుర్చీలో ఉండటం నేను చూడటం అదే మొదటిసారి.

మా ఊరు గురజాల అవతల. నాన్న చిలకలూరిపేటలో పత్తి జిన్నింగు మిల్లు పనికి పోయి వారానికోసారి వచ్చేవాడు. మిరపచేను అమ్మా నేనూ చూసుకునేవాళ్ళం. కాయ పండిందంటే కోతకు కూలీలు దొరకరు. ఊరంతా ఒకేసారి పండుతుంది కాబట్టి ఎవరి చేను వాళ్ళే కోసుకోవాలి. తరగతి ఉన్న రోజుల్లో బస్సెక్కి నరసరావుపేట పోయేదాన్ని. ఫోన్ పాఠం ఉన్న రోజుల్లో చేలోకి పోయేదాన్ని. కాలేజీకీ చేనుకీ ఇంత చక్కగా కుదిరిన చదువు ఇంకోటి ఉండదని మొదటివారం అమ్మతో గొప్పగా చెప్పాను కూడా.

మిరపకాయ కోసేవాళ్ళు వేళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకుంటారు. చుట్టుకోకపోతే సాయంత్రానికి వేళ్ళు మంటలెత్తుతాయి, ఆ మంట నీళ్ళకీ పోదు, నూనెకీ పోదు. నేనూ చుట్టుకున్నాను. ఫోన్‌ని గుడ్డసంచిలో పెట్టి మెడకు తగిలించుకున్నాను. పాఠం నడుస్తోంది, చేతులు కాయ కోస్తున్నాయి, ఇంతకంటే ఏం కావాలి? ఇంతలో పాఠం ఆగింది. ప్రశ్న వచ్చింది. గుడ్డ చుట్టిన వేలితో నొక్కితే ఫోన్ పలకలేదు. ఎంత గట్టిగా నొక్కినా పలకలేదు. గుడ్డ విప్పేలోపల పాఠం మొదటికి పోయింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ మొదటికి పోయింది. గుడ్డ విప్పిన చేత్తో నొక్కి, అదే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే చెంప మండింది. మధ్యాహ్నానికి పాఠం పరిచయ వాక్యాలు నాకు కంఠతా వచ్చాయి, ఆ పైన ఒక్క ముక్క తెలియలేదు. ఏడుపొచ్చింది. అప్పుడు తట్టింది ముక్కు సంగతి. మణికట్లతో ఫోన్‌ని పైకెత్తి ముక్కుతో నొక్కాను. పలికింది. ఇక అప్పట్నుంచి అదే పని. నాలుగు జవాబుల్లో ముక్కుకు ఏది తగిలితే అదే నా జవాబు. గట్టవతల తన చేలో కోస్తున్న కోటమ్మత్త నన్ను చూసి, ఏందే పద్మా, ఫోన్ని వాసన చూస్తన్నావా అని చుట్టుపక్కల చేలల్లో అందరికీ వినపడేలా అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, లోపల మాత్రం ఒళ్ళు మండిపోయింది.

నెల తిరక్కుండా నా పేరు పక్కన ఎర్రచుక్క పడింది. సగం పాఠాలు పూర్తి కాలేదు, పూర్తయిన వాటిలో జవాబులన్నీ తప్పులే. పరీక్ష రాయనివ్వరని ఆఫీసులో చెప్పారు. అంటే ఒక ఏడు పోయినట్టే. ఇంకో ఏడు నన్ను చదివించే ఓపిక మా ఇంట్లో లేదని నాకు తెలుసు, అమ్మకూ తెలుసు. ఇద్దరం ఆ మాట అనుకోకుండా రెండు రోజులు గడిపాం. మూడో రోజు చేలో ఉండగా ఫోన్ మోగింది. సంచిలోంచి పైకి లాగి ముక్కుతోనే ఎత్తాను. జుబేదా మేడం. ఏమే పద్మా, నీ ఫొటోలన్నీ తీసి చూశా, అన్నిట్లోనూ ముక్కేనే, మొహమేదీ అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. తల వంచుకుని నిలబడ్డాను, అవతల ఆవిడ చూస్తున్నట్టే. అప్పుడు ఆవిడ గొంతు తగ్గించి అడిగారు.

"ఇప్పుడు నీ చేతులెక్కడున్నయ్యే?"

ఆ ప్రశ్న అంతకుముందు నన్నెవరూ అడగలేదు. ఎందుకు చూడలేదు, ఎందుకు నొక్కలేదు, ఎందుకు తప్పు చెప్పావు అని అడిగారు గాని, చేతులెక్కడున్నాయని అడగలేదు. మిరపచెట్లో ఉన్నయ్ మేడం అన్నాను. రేపు నేనొస్తా, చేను ఏ దారిలో ఉందో చెప్పు అన్నారు.

అన్నట్టే వచ్చారు. గురజాల దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో, ఆటో దిగి గట్ల మీద నడక. వచ్చీ రాగానే కోటమ్మత్త దగ్గర పీలిక అడిగి వేళ్ళకు చుట్టుకున్నారు. ఏం మేడమూ, కోతకొచ్చావా పాఠానికొచ్చావా అంది కోటమ్మత్త. రెండిటికీ వచ్చానత్తా అన్నారు ఈవిడ. నిజంగానే ఒక సాలు కోశారు. కోస్తూ కోస్తూ తన పాఠమే తన ఫోన్లో పెట్టుకున్నారు. ప్రశ్న వచ్చింది. గుడ్డ వేలితో నొక్కారు. పలకలేదు. పాఠం మొదటికి పోయింది. నమస్కారం, ఈరోజు మనం మార్కెట్ సమతౌల్యం గురించి తెలుసుకుందాం అని ఆవిడ గొంతే మళ్ళీ మొదలైంది. ఆవిడ దాన్ని ఆపలేదు. అలా వింటూ నిలబడ్డారు. తన గొంతు మీద తనకే కోపం వచ్చినట్టు మొహం పెట్టారు. తరవాత నన్ను పిలిచి, చూడటం వదిలెయ్, నీకు వినపడిందెంత అని అడిగారు. అంతా వినపడింది, కాని ఇక్కడ చూడండి, ఈ గీత చూడండి అంటారు కదా, అక్కడే ఏం తెలియదు అన్నాను. ఆవిడ తల ఊపారు.

ఆటో కోసం గట్టు మీద నిలబడ్డప్పుడు ఒక సంగతి చెప్పారు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న మంచాన పడితే మస్తాన్ చదువు మానేసి షెడ్డులో చేరాడు. పదో తరగతి ప్రైవేటుగా కడతానన్నాడు. చేతులకెప్పుడూ గ్రీజే, పుస్తకం ముట్టుకుంటే పేజీ నల్లగా అయ్యేది. అందుకని చెల్లెలు లారీ కింద చాప వేసుకుని కూర్చుని పైకి చదివేది, అన్న బోల్టులు బిగిస్తూ వినేవాడు. సోషలూ తెలుగూ పాసయ్యాడు. లెక్కలు పోయింది. జ్యామితి బొమ్మలు ఎలా చదివి వినిపించాలో నాకు తెలియలేదే, అందుకే పోయింది, వాడిది తప్పు కాదు అన్నారు మేడం. మళ్ళీ కట్టమన్నా కట్టలేదట. అది చెప్పేటప్పుడు ఆవిడ గట్టు మీద నాలుగడుగులు అటూ, నాలుగడుగులు ఇటూ తిరుగుతూనే ఉన్నారు. ఆటో వచ్చినా చూసుకోలేదు, నేనే కేకేశాను.

ఆ వారమే ఫోన్‌లో మా తరగతి గ్రూపుకి ఆవిడ మొదటి ఆడియో పాఠం వచ్చింది. బొమ్మ లేదు, తెర లేదు, నొక్కేది లేదు. గొంతు ఒక్కటే. పని చేస్తున్నావా, చెయ్యి, ఆపొద్దు అని మొదలైంది. నీ ఒళ్ళే కాగితం అనుకో, నేల మీద నిలబడ్డావు కదా, నేల వెంట ఎడమ నుంచి కుడికి సరుకు, పైకి ధర. కుడిచెయ్యి ఎడమ భుజం మీద పెట్టు. అక్కణ్ణుంచి కుడి మోకాలి దాకా గీత గియ్యి. ధర దిగేకొద్దీ కొనేవాళ్ళు పెరుగుతారు, అది కొనేవాళ్ళ గీత. ఇప్పుడు ఎడమ మోకాలి నుంచి కుడి భుజం దాకా ఎక్కు. ధర పెరిగేకొద్దీ అమ్మేవాళ్ళు పెరుగుతారు, అది అమ్మేవాళ్ళ గీత. రెండూ ఎక్కడ కలిశాయి? బొడ్డు దగ్గర. అదే సమతౌల్యం. ఆ మాట విని నాకు ఒళ్ళు పులకరించింది. పుస్తకంలో ఎన్నిసార్లు చూసినా గుర్తుండని బొమ్మ నా ఒంటి మీదికి వచ్చింది. చేలోనే నిలబడి చెప్పినట్టే గీశాను, భుజం నుంచి మోకాలికి, మోకాలి నుంచి భుజానికి. కోటమ్మత్త చూసి, ఏమే, నడుం పట్టేసిందా అంది. ఇంకాసేపటికి నా మెడా భుజమూ భగ్గుమన్నాయి. గుడ్డ చుట్టుకున్నాను గాని, గుడ్డకు కాయ ఘాటు పట్టి ఉంది కదా. ఇంటికెళ్ళి మజ్జిగ రాసుకుని, మేడంకి ఫోన్ చేసి సమతౌల్యం అర్థమైంది మేడం, భుజం మండుతంది అన్నాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. చేనుకొచ్చి కూడా నాకు బుద్ధి రాలేదే అన్నారు.

తరవాతి పాఠం నుంచి ఆవిడ మాట మారింది. ఎడమ భుజం తలుచుకో, చెయ్యి పెట్టొద్దు, ఊరికే తలుచుకో అనేవారు. ఆ మాట మా అందరికీ అలవాటైపోయింది. మా అందరికీ అంటున్నాను, ఎందుకంటే ఎర్రచుక్క నా ఒక్కదానికే పడలేదు. మాచర్లలో కుట్టుమిషను మీద కూర్చునే ఒక అమ్మాయికి పడింది, చంటిపిల్లను చంకనేసుకుని తిరిగే ఇంకో అమ్మాయికి పడింది, ఆటో నడుపుకునే ఒక అబ్బాయికి పడింది. ఎవరికి వాళ్ళం మాదే తప్పనుకుని నోరు మూసుకుని ఉన్నాం. మేడం ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ముందు చేతులెక్కడున్నాయని అడిగారు. పాఠం విన్నాక ఏం అర్థమైందో మా మాటల్లో చెప్పి గొంతు పంపమన్నారు. ప్రతి గొంతూ విని ఆవిడ మళ్ళీ గొంతుతోనే దిద్దేవారు. పాఠాల వెనక కింద షెడ్డులో గ్రైండింగ్ మోత వినపడేది. మోత ఎక్కువైతే ఆవిడ పాఠం ఆపి, అన్నా, ఒక్క నిమిషం ఆపవా అని కిందికి కేకేసేవారు. మోత ఆగేది. మళ్ళీ పాఠం నడిచేది. ఆ ముక్క ఎప్పుడూ తీసేసేవారు కాదు. తీసేస్తే పాఠం మధ్యలో నేనెందుకు ఆగానో మీకు తెలియదు కదా అనేవారు.

కాని యాప్‌కు గొంతులు లెక్కలోకి రావు. పరీక్షలు దగ్గర పడ్డాయి. అప్పటి డైరెక్టర్ గారు చెడ్డవారు కాదు. రూలు అందరికీ ఒకటే, యాప్‌లో గొంతుకు గడి లేదు, నేనేం చేయను అన్నారు. మేడం మమ్మల్ని నలుగుర్నీ వెంటబెట్టుకుని ఆయన గదికి వెళ్ళారు. లోపలికి పోగానే ఆవిడ సంచిలోంచి గుడ్డపీలికలు తీశారు. మా చేలో చుట్టుకున్నవే. ఉతికి, మడతపెట్టి దాచినట్టున్నారు. సార్, ఒకసారి ఇవి వేళ్ళకు కట్టుకుని పాఠం చూడండి అన్నారు. ఏందమ్మా ఇది అని ఆయన విసుక్కున్నారు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకోలేదు గాని, పీలికలు ఆయన ముందు పెట్టి అలాగే నిలబడ్డారు. ఆవిడ నిలబడితే నిలబడినట్టు ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు. చివరికి ఆయన కట్టుకున్నారు. ప్రశ్న వచ్చింది. ఆయన నొక్కారు, మళ్ళీ నొక్కారు, గోటితో గీరారు. పాఠం మొదటికి పోయింది. ఆయన పీలిక లాగి బల్ల మీద పడేసి, విప్పి నొక్కొచ్చు కదా అన్నారు.

నా నోరు ఎలా పెగిలిందో నాకు తెలియదు. విప్పితే మండుద్ది సార్ అన్నాను.

ఆయన నా వంక అప్పుడే మొదటిసారి చూశారు. సరే, ధర సమతౌల్యం కంటే పైన కట్టేస్తే ఏమవుద్దో చెప్పు అన్నారు. నేను కళ్ళు మూసుకున్నాను. బొడ్డు పైన, గుండెల దగ్గర అడ్డంగా ఒక గీత తలుచుకున్నాను. అక్కడ కొనేవాళ్ళ గీత ఎడమవైపే ఉండిపోయింది, అమ్మేవాళ్ళ గీత కుడివైపుకు పోయింది, మధ్యలో ఖాళీ మిగిలింది. ఆ ఖాళీ అంతా అమ్ముడుపోని సరుకు సార్ అన్నాను. కళ్ళు తెరిచేసరికి నా చెయ్యి గుండెల మీద అడ్డంగా ఉంది. ఆయన నవ్వారు. ఎగతాళి నవ్వు కాదు. నలుగురికీ పాఠాలన్నిటి మీదా నోటి పరీక్ష పెట్టి, పాసైన వాళ్ళని పరీక్షకు కూర్చోనిస్తామన్నారు. నలుగురం పాసయ్యాం. బయటికొచ్చాక నేను మేడం కాళ్ళకు దండం పెట్టబోతే, ఆగవే, బస్సు పోతది అని గబగబా నడిచి వెళ్ళిపోయారు.

అక్కడితో అంతా బాగుపడిందంటే నాకూ హాయిగా ఉండేది. మరుసటి ఏడు విశ్వవిద్యాలయం వాళ్ళు మేడం ఆడియో పాఠాల్ని యాప్‌లో పెట్టనివ్వలేదు. వెనక మోతలున్నాయి, నాణ్యత లేదన్నారు. ఫోన్ పాఠాల బాధ్యత ఇంకొకరికి ఇచ్చారు. ఆవిడ గొడవ పడలేదు. తరగతిలో పాఠం చెప్పుకుంటూ, ఇంటికెళ్ళి తన గ్రూపుకి తను గొంతు పంపుకుంటూ గడిపారు. నేను చదువు పూర్తి చేసి అక్కడే ఉద్యోగంలో చేరాక కూడా వాటిని వింటూనే ఉన్నాను. ఆవిడ గొంతు లేకుండా నాకు వంట కూడా సాగేది కాదు. పోయిన వర్షాకాలంలో జ్వరమని పడుకున్నారట, ఇక లేవలేదు. నాకు తెలిసేసరికి అన్నీ అయిపోయాయి. పిడుగురాళ్ళ వెళ్ళాను.

మస్తానన్న షెడ్డులో పని చేసుకుంటున్నాడు. నన్ను చూసి తల ఊపాడు గాని గ్రైండర్ ఆపలేదు. పనిముట్ల బల్ల మీద ఫోన్ పెట్టి ఉంది. అందులో జుబేదా మేడం ద్రవ్యోల్బణం పాఠం చెబుతున్నారు. ఆ మోతలో సగం మాటలు వినపడటం లేదు. పక్కన నిలబడ్డాను. ఇంతలో ఫోన్లోంచి, అన్నా, ఒక్క నిమిషం ఆపవా అని వినిపించింది. మస్తానన్న చెయ్యి గ్రైండర్ మీంచి లేచింది. మోత ఆగిపోయింది. ఆవిడ ద్రవ్యోల్బణం గురించి ఇంకా చెబుతూనే ఉన్నారు. మస్తానన్న నా వైపు చూడకుండా చేతులు గుడ్డకు తుడుచుకుంటూ అన్నాడు.

"నాకేం అర్థం కాదమ్మా ఆ పాఠం. ఆపమంటది కదా, ఆ మాట కోసం పెట్టుకుంటా."

నేను అక్కడ ఎక్కువసేపు నిలబడలేకపోయాను. ఏడ్చాను. బస్సులో కూడా ఏడుస్తూనే వచ్చాను.

ఇవన్నీ ఈరోజు ఎందుకు కదిలాయో నాకు తెలుసు. పొద్దున్నుంచి ఆ ఎర్రచుక్క చూస్తూ, మీట మీద వేలు పెట్టడం, తీయడం చేస్తున్నాను. నొక్కితే ఉద్యోగానికి ఢోకా లేదు. నొక్కకపోతే ఎందుకు నొక్కలేదో చెప్పాలి. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. వెంకటలక్ష్మి పాఠాలు వినలేదని యాప్ చెబుతోంది, కాదనడానికి నేనెవర్ని? ఇంకాసేపు అలా కొట్టుకుని, ఇంక లాభం లేదని ఫోన్ తీసి ఆ అమ్మాయికి చేశాను. చానాసేపు మోగింది. చివరికి ఎత్తింది. అవతల ఎవరో పారతో దేన్నో ఎత్తి పోస్తున్న చప్పుడు. ఎందుకు చూడట్లేదు అని అడగబోయాను. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"వెంకటలక్ష్మీ, ఇప్పుడు నీ చేతులెక్కడున్నాయమ్మా?"

అవతల చప్పుడు ఆగింది. సున్నంలో ఉన్నయ్ మేడం అంది. అమ్మతో కలిసి బట్టీ దగ్గర సున్నం సంచులకెత్తుతోందట. చేతులకు తొడుగులున్నాయట, ఫోన్ మోచేత్తో ఎత్తిందట. తొడుగుతో ఫోన్ పలకదు, తీస్తే చర్మం పగులుతుంది. పాఠాలు మరి అన్నాను. స్నేహితురాలు తన ఫోన్లోంచి పాఠం గొంతు వరకూ పంపుతుందట, అమ్మ ఫోన్లో పెట్టుకుని వింటుందట. అన్నీ విన్నావా అని అడిగాను. నమ్ముతానో లేదో అని భయపడ్డట్టుంది, నన్నే ఎదురు అడిగింది.

"విన్నా మేడం. మీరు ప్రతి పాఠంలో కిటికీ మూసి మళ్ళీ తెరిచే చప్పుడు వినపడుద్ది. ఎందుకు మేడం?"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. యాప్ దగ్గర లేని రుజువు ఆ పిల్ల దగ్గర ఉంది. ఘాటమ్మా, మిరపకాయ ఘాటు అన్నాను. పని చూసుకో, రేపు తరగతికి రా అని ఫోన్ పెట్టేశాను. డైరెక్టర్ గారికి ఫోన్ చేసి, నేను నొక్కనండీ, రేపు ఆ అమ్మాయిని తీసుకుని మీ గదికి వస్తాను అన్నాను. నీ ఇష్టమమ్మా అన్నారాయన. ఆ నీ ఇష్టంలో ఏముందో వేసవి దాకా తెలియదు. భయం పోలేదు. ఇంటి దగ్గర్లో చేతి తొడుగులు ఎక్కడ దొరుకుతాయా అని ఆలోచించాను. డైరెక్టర్ గారి చేతికి సరిపడేవి తీసుకుపోవాలి.

లారీ వెళ్ళిపోయినా ఘాటు వెళ్ళలేదు. పొద్దున చేసిన పాఠం వినిపించుకున్నాను. అందులో ఒకచోట, కుడిచెయ్యి ఎడమ భుజం మీద పెట్టండి అన్నాను. ఇన్నేళ్ళ తరవాత కూడా అన్నాను. ఆ పాఠం అంతా చెరిపేశాను. కుర్చీలోంచి లేచి, గదిలో అటూ ఇటూ తిరుగుతూ మళ్ళీ మొదలుపెట్టాను.

పని చేస్తున్నావా అమ్మాయ్, చెయ్యి, ఆపొద్దు. ఎడమ భుజం తలుచుకో. చెయ్యి పెట్టొద్దు. ఊరికే తలుచుకో.